సైనైడ్ దిబ్బ మీద ఇంగ్లండు

ఆ రోజుల్లో ఫలానా నవల చదవండి అని చెప్పేవాడికి ఒక హోదా ఉండేది. ఇప్పుడు ఫోను మీద వేలితో రెండుసార్లు గీకితే చాలు, ఇంగ్లండు పల్లెలూ కొండలూ కళ్లకు కట్టే నవలలు ఇవిగో అని ఎవరో ఒకరు జాబితా వడ్డించి పెట్టి ఉంటారు. మొన్న మా కోడలు అలాంటి జాబితా ఒకటి చూపించి, "మామయ్యా, వీటిలో మీరు చదివినవి ఏమైనా ఉన్నాయా?" అంది. నేను కళ్లజోడు సర్దుకుని, సగం చదివినట్టూ, మిగతా సగం చదవదగ్గవి కానట్టూ ఒక మొహం పెట్టాను. ఆ మొహం నాకు కొత్తది కాదు. ఇరవై రెండేళ్ల వయసులో కోలారు బంగారు గనుల్లో నేను ఆ మొహంతోనే ఉద్యోగం చేశాను. ఇంగ్లండు గురించి మా ఊళ్లో ఆఖరి మాట నాదే. అప్పటికి నేను చూసిన ప్రపంచానికి పడమటి హద్దు బెంగుళూరు, తూర్పు హద్దు మా అమ్మ పుట్టిల్లు నంగలి. (బెంగుళూరు కూడా రెండుసార్లే. రెండోసారి పంటి నొప్పితో వెళ్లాను కాబట్టి సరిగ్గా చూడలేదు.)

తెల్లదొరలు గనులు వదిలి ఓడ ఎక్కి, గనులు సర్కారు చేతికి వచ్చి అప్పటికి కొన్నేళ్లయింది. పోతూ పోతూ వాళ్లు భూమిలో బంగారం ఎంత మిగిల్చారో నాకు తెలియదు గాని, వాళ్ల క్లబ్బు వెనక గదిలో మాత్రం మూడు టేకు బీరువాల నిండా నవలలు మిగిల్చారు. వాళ్ల ఇల్లాళ్లు చదివి వదిలేసినవి. అట్టల మీద టీ కప్పుల మరకలు, లోపల ఎండిన పూలు, ఒకదాంట్లో ఎవరిదో పిల్లికి జబ్బు చేసిన సంగతి రాసిన ఉత్తరం. జాతీయం అయ్యాక బోర్డులు మారాయి, జెండా మారింది, బంగళాల్లోకి మనవాళ్లు వచ్చారు. దొర అన్న మాట ఒక్కటీ మారలేదు. మనవాళ్లనూ దొర అనే పిలిచాం, వాళ్లూ వద్దనలేదు. ఆగస్టు పదిహేనున జెండా కింద నిలబడి "ఈ గనులు ఇక మీవే" అని కార్మికులకు చెప్పి, అటునుంచి అటే క్లబ్బుకు వెళ్లి, తలుపుకు లోపల గడియ పెట్టుకుని రమ్మీ ఆడుకునేవారు. క్లబ్బు నియమాల పుస్తకంలో మాత్రం, గ్రంథాలయం ఉద్యోగులందరిదీ అని కొత్తగా అచ్చు వేయించారు. ఆ వాక్యం ఎవరూ చదవరన్న ధైర్యంతోనే వేయించి ఉంటారు.

ఆ వెనక గదికి నేను తాత్కాలిక గుమాస్తాను. పని అంటే దుమ్ము దులపడం. రోజంతా దులుపుదామన్నా దుమ్ము రోజంతా ఉండదు కదా, అందుకని దులిపిన పుస్తకాన్నల్లా తెరిచి చదవడం మొదలుపెట్టాను. ఏడాది తిరిగేసరికి మూడు బీరువాలూ అయిపోయాయి, నా బుర్రా వాటితోపాటే అయిపోయింది. మే నెలలో మెడకు మఫ్లరు చుట్టుకుని తిరిగాను. "ఏంది అప్పా, జొరం గాని వచ్చిందా?" అని మా అమ్మ నుదురు పట్టి చూసేది. సాయంత్రం నాలుగైతే టీ సాసరులో పోసుకోకుండా కప్పుతోనే తాగి నాలుక కాల్చుకునేవాణ్ని. నవలల్లో జనమంతా పొద్దున్నే కాల్చిన రొట్టె తింటారని ఒకరోజు ఇంట్లో నిట్టూర్చాను. మర్నాడు పొద్దున మా అమ్మ, రాత్రి మిగిలిన రాగి సంగటిని పలకలుగా కోసి, నిప్పుల మీద కాల్చి, పైన ఇంత నెయ్యి రాసి పెట్టింది. "ఇంగ్లండువాళ్లు తినేది ఇదేనా సూడు" అంది. నిజం చెప్పొద్దూ, అది ఏ నవలలోని రొట్టెకన్నా బాగుంది. కానీ అప్పట్లో నేను అలాంటి నిజాలు ఒప్పుకునే మనిషిని కాను.

నవ్వులాట సరే, ఆ తాత్కాలిక గుమాస్తా పని మా ఇంట్లో చిన్న సంగతి కాదు. మా తాత నంగలి దాటి అవతల ఆంధ్రా పల్లెనుంచి గనిలో పనికని వచ్చాడు. మా నాయన తాత వెనకే కేజీ ఎక్కి కిందికి దిగాడు. (కేజీ అంటే షాఫ్టులో మనుషుల్ని దింపే ఇనప పంజరం. కింద అంటే భూమి లోపల. మా లైన్లలో, అంటే కూలీల ఇళ్ల వరసల్లో, ఆ రెండు మాటలకూ వేరే అర్థం లేదు.) నేను కూడా దరఖాస్తు మీద ఒక సంతకం పెడితే చాలు, మూడో తరంగా నిలబెట్టి దింపేవారు. మా నాయనకు అప్పటికే రాతి దుమ్ము పీల్చి మైను దగ్గు పట్టుకుంది. మాట్లాడడం తక్కువ మనిషి, దగ్గు వచ్చాక మరీ తగ్గించాడు. ఒక్క మాట మాత్రం నేను క్లబ్బులో చేరిన రోజు చెప్పాడు. "పుస్తకాలు దులుపుతావో, చీపురే పడతావో, పైన ఉండి చెయ్యి. కింద నా ఒక్కడితో సాలు." ఆ గది నాకు ఉద్యోగం, ఆయనకు మొక్కు.

అలాంటి గదిలోకి ఒకరోజు గొడుగు దొర వచ్చాడు. కోస్తా జిల్లాల మనిషి, గనిలో పెద్ద ఆఫీసరు, క్లబ్బు పెత్తనం ఆయనదే. గనుల చదువు కోసం రెండేళ్లు ఇంగ్లండులో ఉండి వచ్చాడు. అక్కడ అలవాటైన గొడుగు, కోలారులో ఆకాశం పెనంలా కాలుతున్నా చేతిలోంచి దిగేది కాదు. అందుకే ఆ పేరు. గదంతా కలియజూసి, "ఏమోయ్, ఇక్కడికి ఎవరైనా వస్తారా?" అన్నాడు.

"వస్తారండి."

"ఎవరు?"

"తమరు వచ్చారు కదండి."

ఆయన నవ్వలేదు. "నెలాఖరుకు మళ్లీ చూస్తాను. ఎవరికీ పనికిరాకపోతే ఇక్కడ ఇంకో పేకాట బల్ల వేయిస్తాను. ఈ పుస్తకాలు రాబర్ట్‌సన్‌పేట శనక్కాయల అంగడికి పొట్లాలకు పోతాయి. నువ్వు…" అని గొడుగు కొనతో నన్ను చూపించి ఆపేశాడు. పూర్తి చేయనక్కర్లేదు, నాకు తెలిసిపోయింది. ఆ రోజు అన్నం దగ్గర ఇంట్లో చెప్పాను. అమ్మ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. నాయన లేచాడు. చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని బయటికి పోయాడు.

నేను ఊరుకున్నానా? లేదు. నా ప్రతిభ మీద నాకు అపారమైన నమ్మకం. పాత కరెంటు సామాన్ల గదిలోంచి ఒక నల్లబల్ల సంపాదించి, క్లబ్బు వెనక తలుపు దగ్గర నిలబెట్టి, సుద్దముక్కతో గుండ్రంగా రాశాను. "ఇంగ్లండు చూడాలని ఉందా? ఓడ అక్కరలేదు. ఈ తలుపు చాలు. ఈ వారం సిఫారసు: వాన ఎక్కువగా ఉన్న నవల." తెలుగులో నేను రాశాను, అరవంలో క్లబ్బు వంటవాడు రాశాడు, కన్నడంలో ఇద్దరం కలిసి తప్పు రాశాం. మూడో రోజు మధ్యాహ్నం మొదటి షిఫ్టు ముగిశాక చూస్తే, తలుపు దగ్గర టింబరు మామ. మా అమ్మకు తమ్ముడు. కింద సొరంగాల్లో పైకప్పు కూలకుండా చెక్క ఆసరాలు కట్టే మేస్త్రి. ఆయన వెనక ఇంకో నలుగురు, స్నానం చేసిన తలలు తడి ఆరకుండానే వచ్చారు. నా గుండె ఉప్పొంగింది. ఒక్క నల్లబల్లతో శ్రామిక జనాన్ని సాహిత్యం వైపు నడిపించినవాడు ఈ ప్రాంతంలో ఇంకొకడున్నాడా అని నన్ను నేనే అడిగి, లేడని నేనే చెప్పుకున్నాను.

"ఏందప్పా, ఇంగ్లండు చూపిస్తావంట?" అన్నాడు మామ, కుర్చీలుండగా నేలమీద కూర్చుంటూ.

"చూపిస్తా మామా. ఎట్లాంటి ఇంగ్లండు కావాల?"

మామ వెనకవాళ్ల వైపు చూశాడు. "సల్లగా ఉండేది" అన్నాడు.

నేను కిందికి దిగలేదు గాని, అక్కడి వేడి గురించి పుట్టినప్పటినుంచీ వింటున్నాను. లోతుకు పోయేకొద్దీ రాయి కాలుతుంది, గాలి కాలుతుంది, ఒంటిమీద గుడ్డ నిలవదు. ఎనిమిది గంటలు అట్లా ఉడికి వచ్చినవాడికి కథ ఏదైతే ఏమిటి, అందులో చలి ఉండాలి. వాళ్లకు ఇంగ్లీషు రాదు కాబట్టి సిఫారసు చేయడమంటే తెలుగులో చెప్పడమే అయింది. మా గదికి ఒక కొత్త పద్ధతి ఏర్పడింది. రచయిత ఎవరు, కథ ఏమిటి అని ఎవరూ అడిగేవారు కాదు. "ఈ దినం మంచు ఉండేది ఏమన్నా ఉండాదా?" అని ఒకడు, "సముద్రం గాలి పుస్తకం ఇంగొక తూరి సెప్పప్పా" అని ఇంకొకడు. నేను బీరువాలను మళ్లీ సర్దాను. పై అరలో వాన నవలలు, మధ్య అరలో పొగమంచు నవలలు, కింద అరలో ఎప్పుడూ వాన పడబోతూ పడనివి. వారం తిరిగేసరికి ఐదుగురు ఇరవైమంది అయ్యారు. మామ కళ్లు మూసుకుని వినేవాడు. ఒక నవలలో నాయకుడు, ఎవరో గొడుగు తెచ్చి ఇచ్చేదాకా, ఆరు పేజీలపాటు వర్షంలో తడుస్తాడు, ఇంగ్లీషులో చదివినప్పుడు నాకే విసుగొచ్చింది. అవి చెప్తుంటే మామ, "ఆ గొడుగు వానికి అప్పుడే ఇచ్చేయద్దులే, ఇంగ స్వల్ప తడవనీ" అన్నాడు.

వాళ్ల ప్రశ్నలకు నా దగ్గర జవాబుల్లేని సందర్భాలూ ఉన్నాయి. ఒక నవలలో నలుగురు అక్కచెల్లెళ్లు పక్కింటికి టీకి వెళ్లాలా వద్దా అని ఒక అధ్యాయమంతా ఆలోచిస్తారు. "వాళ్లకి షిఫ్టు లేదా?" అని అడిగాడు ఒకాయన. లేదన్నాను. వాళ్ల నాయనకూ లేదన్నాను. "అట్లయితే ఆ ఇంటికి దుడ్డు యాడనుంచి వస్తాది?" నాకు తెలియదు, ఆ సంగతి ఏ నవలలోనూ రాయలేదు. "మన కిందనుంచే పోయినట్టుండాదిలే" అన్నాడు మామ కళ్లు తెరవకుండానే. అందరూ చాలాసేపు నవ్వారు. ఆ నవ్వులో నేనూ కలిశాను గాని, అందులోని విషయం నాకు పదేళ్ల తర్వాత అర్థమైంది.

ఇక నా మేధస్సుకు శిఖరం చెప్తాను. ఇంగ్లండు నవలల్లో ఒకరకం నేల ఉంటుంది. చెట్టూ చేమా లేని మిట్ట, కనుచూపు మేర ఏమీ ఉండదు, ఎప్పుడూ గాలి. నాయిక మనసు బాగాలేనప్పుడల్లా లేచి దాని మీదికి నడుస్తుంది. నేను ఆ మిట్టను చూడలేదు. కానీ చూడాల్సిన అవసరం కూడా కనిపించలేదు, ఎందుకంటే మా లైన్ల వెనకాలే ఉంది. మిల్లులో రాయిని పొడి చేసి, సైనైడ్ నీళ్లతో బంగారం తీసేశాక మిగిలిన బూడిదరంగు పొడిని తాతల కాలంనుంచి పోస్తే కొండలు లేచాయి. సైనైడ్ దిబ్బలంటాం. వాటి మీద గడ్డి మొలవదు. ఆషాఢం గాలి లేచిందంటే ఆ దుమ్ము ఊరి మీదికి వచ్చి అన్నంలో పడుతుంది. ఇంతకన్నా ఇంగ్లీషు నేల ఎక్కడుంటుంది? "అది మన దిబ్బే అనుకో మామా" అని చెప్పేశాను.

"ఆ పాప దినామూ ఆ దిబ్బ మీదనే తిరుగుతాదా?" అన్నాడు మామ.

"దినామూ."

"గాలిలో?"

"గాలిలోనే."

వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "దగ్గు రాలేదా ఆ పాపకి?" అన్నాడు వెనకాయన.

"వచ్చింది. ఆఖర్లో ఆ దగ్గుతోనే పోతాది."

ఎవరూ ఆశ్చర్యపడలేదు. "పోదా మరి" అన్నాడు మామ. ఇంగ్లండు నవలల్లో అంతమంది పడుచువాళ్లు దగ్గి దగ్గి ఎందుకు చస్తారో అంతవరకు నాకూ అంతుపట్టలేదు, ఆ రోజు అందరికీ ఒక్కసారే తెలిసిపోయింది. ఇద్దరు కండువాతో కళ్లు తుడుచుకున్నారు. అప్పుడు ఎవరో గొంతు సవరించుకున్నట్టయి తల ఎత్తితే, గుమ్మంలో గొడుగు దొర.

ఎంతసేపటినుంచి వింటున్నాడో తెలియదు. మొహం ఎర్రగా ఉంది. "ఇంగ్లండును సైనైడ్ దిబ్బ చేశావా నువ్వు?" అన్నాడు. "ఆ నేల పచ్చగా ఉంటుందయ్యా. తడిగా ఉంటుంది, కాలు పెడితే దిగబడుతుంది. ఎండాకాలం చివర్లో ఊదారంగు పూలు పూస్తే కొండకొండంతా అదే రంగు. గొర్రెలు మేస్తుంటాయి. నేను నడిచాను దాని మీద. ఆ పిల్ల పోయింది క్షయతో, దుమ్ముతో కాదు." ఏడాదిగా కట్టుకున్న నా పరువు ఇరవైమంది ముందు ఒక్క నిమిషంలో కూలింది. మఫ్లరు విప్పి ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. మామ ఒక్కడే నిదానంగా అడిగాడు. "క్షయ యాడనుంచి వచ్చింది దొరా ఆ పాపకి?" దొర ఆ మాట వదిలేసి నా బల్ల మీది రిజిస్టరు లాక్కుని తిప్పాడు. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో రాసే రిజిస్టరు అది. మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా తెల్లగా ఉంది.

"ఒక్క పుస్తకమైనా ఈ గది దాటి వెళ్లిందా? ఇది గ్రంథాలయమా, హరికథ పందిరా? వాడకం అంటే పుస్తకం బయటికి వెళ్లడం. వినడం కాదు." అక్కడే కూర్చుని తన చేత్తోనే నోటీసు రాశాడు. నియమాల మనిషి కాబట్టి నియమం ప్రకారమే రాశాడు. బయట ఉన్న పుస్తకాలన్నీ శనివారం సాయంత్రంలోగా తిరిగి చేరవలెను, అన్నీ చేరిన పిమ్మట గ్రంథాలయం మూసివేయబడును. తలుపుకు అంటించి వెళ్లిపోయాడు. ఆ రోజు బుధవారం.

నేను కుర్చీలో కూలబడ్డాను. దిబ్బ సంగతి, పూల సంగతి అన్నీ మరిచిపోయాను. కేజీ ఒక్కటే కళ్లముందుంది, అందులో నేను నిలబడి ఉన్నాను, పైన మా నాయన నిలబడి చూస్తున్నాడు. భయంతో చేతులు చల్లబడ్డాయి. (కోరుకున్న చలి ఇన్నాళ్లకు వచ్చింది.) మామ నోటీసు దగ్గర నిలబడి, "ఏమి రాసినాడప్పా, సదువు" అన్నాడు. చదివాను. "ఇంగొకసారి సదువు" అన్నాడు. మళ్లీ చదివాను.

"అన్నీ చేరినాకనే మూస్తాడంట గదా?"

"బయట ఒక్కటీ లేదు మామా."

"లేకపోతే ఉండేట్టు చెయ్యి" అన్నాడు. "మన బిళ్ళల బోర్డు మర్చినావా?"

బిళ్ళల బోర్డు గనిలో పిల్లలకు కూడా తెలుసు. కిందికి దిగే ప్రతివాడికీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. దిగేముందు షాఫ్టు దగ్గర బోర్డు మేకుకు తగిలించి దిగాలి, పైకి వచ్చాక తీసుకోవాలి. బోర్డు మీద బిళ్ళ వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. ఒక్క బిళ్ళ మిగిలి ఉన్నా మందుగుండు పేల్చరు, ఎంత పెద్ద దొర వచ్చి చెప్పినా పేల్చరు. తెల్లవాళ్లు పోయినా, జెండా మారినా మారని నియమం అది. "పుస్తకం మన ఇండ్ల లోపలుంటే గది యట్లా మూస్తాడు?" అన్నాడు మామ. మర్నాడు ఆయన ఒక పలకకు వరసగా మేకులు కొట్టి తెచ్చాడు. నేను అట్ట ముక్కలు గుండ్రంగా కత్తిరించాను.

శుక్రవారం మధ్యాహ్నం, మామ కబురు అందుకుని, షిఫ్టు దిగి జనం వచ్చారు. వెనక తలుపునుంచి వరస బయలుదేరి వేపచెట్ల దాకా పోయింది. చేతికందిన పుస్తకం తలొకటి ఇచ్చి పంపితే పోయేదానికి, నేను అప్పుడు కూడా ఊరుకోలేదు. ఒక్కొక్కరినీ అడిగి మరీ సిఫారసు చేశాను. ఒకాయన, "మాది ఒంటిగది ఇల్లప్పా, సన్నది ఇయ్యి" అన్నాడు. ఇంట్లో ముసలమ్మ ఉంది కాబట్టి ఎవరూ చావనిది కావాలన్నాడొకడు. (మూడు బీరువాల్లో అలాంటివి రెండే దొరికాయి.) ఇంకొకాయన బొమ్మలున్నది అడిగి, అందులో గుర్రం బండి చూసి, "ఇది మా ముల్బాగల్ సంతలో ఉండే బండే గదా" అని సంతోషించాడు. ఒకడికి సముద్రం, ఒకడికి పొగమంచు. ఆ మధ్యాహ్నం నేను చేసిన సిఫారసులకన్నా శ్రద్ధగా ఇంగ్లండులో కూడా ఎవరూ చేసి ఉండరు. తీసుకున్నవాళ్లలో ఒక్కరికీ ఇంగ్లీషు అక్షరం రాదు. ఒక్కొక్కరూ తమ నంబరున్న అట్ట బిళ్ళ మేకుకు తగిలించి, పుస్తకాన్ని టిఫిను డబ్బాలాగా చంకలో పెట్టుకుని వెళ్లారు. చీకటి పడకముందే మూడు బీరువాలూ ఖాళీ అయ్యాయి.

శనివారం దొర వచ్చాడు. వెంట శనక్కాయల అంగడివాడి తోపుడు బండి. బీరువాలు ఒక్కొక్కటే తెరిచాడు. టేకు వాసన తప్ప ఏమీ లేదు. గుమ్మంలో మామ, ఇంకో పదిమంది చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"పుస్తకాలేవి?" అన్నాడు దొర.

"లోపలున్నాయండి" అన్నాను.

"ఏ లోపల?"

"ఇంగా పైకి రాలే దొరా" అన్నాడు మామ, బోర్డు చూపిస్తూ.

"మీకు ఇంగ్లీషు వచ్చా?"

"నేర్చుకుంటా ఉండాము. స్వల్ప టైము పడతాది."

"ఇది ఆఫీసర్ల క్లబ్బు. మీకు పుస్తకాలు ఎవరిమ్మన్నారు?"

"గనులు మీవే అని జెండా కింద నిలబడి మీరే సెప్తిరి గదా దొరా. మేము గనులు అడగలేదు. పుస్తకం ఒకటి తీసుకున్నాము."

నేను క్లబ్బు నియమాల పుస్తకం తెరిచి ఆ కొత్త వాక్యం చూపించాను. దొర దాన్ని చదివాడు. చదివి, బోర్డు ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఎంత గొడుగు దొర అయినా ఆయన గని మనిషి. మేకుకొక బిళ్ళ చొప్పున నిండుగా వేలాడుతున్న బోర్డును ఎదురుగా పెట్టుకుని మూసేయమని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. తర్వాత మబ్బు తునకైనా లేని ఎండలోకి నడిచి, గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు. తోపుడు బండివాడు అరవంలో మా అందరినీ తిట్టుకుంటూ ఖాళీ బండి తోసుకుపోయాడు.

ఆ తర్వాతి కథ సర్కారు కథ. పుస్తకాలు ఎప్పుడు చేరునో తెలుపవలెనని కాగితం వచ్చింది. పఠనం జరుగుచున్నదని జవాబు రాశాను. మళ్లీ వచ్చింది, మళ్లీ అదే రాశాను. ఏడాది చివర ఆ కాగితాలన్నీ కట్టగట్టుకుని పై ఆఫీసుకు పోయి, అక్కడ ఎవరి చేతిలోనో పడ్డాయి. ఒక్క పుస్తకం కూడా అరలో మూలగకుండా యావత్తూ కార్మికుల చేతుల్లో ఉన్న గ్రంథాలయం ఇదొక్కటేనని మెచ్చుకుంటూ దొరకు ఉత్తరం వచ్చింది. మెచ్చుకున్న గ్రంథాలయానికి తాత్కాలిక గుమాస్తా ఉంటే బాగుండదు కాబట్టి నన్ను ఖాయం చేశారు. మూడు ఖాళీ బీరువాలకు శాశ్వత కాపలాదారును నేను. ఆ కాగితం ఇంటికి తెచ్చి నాయనకు చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నాడు. "కిందికి దిగే పని లేదుగా ఇంగ?" అన్నాడు. లేదన్నాను. ఆయన గోడవైపు తిరిగి దగ్గుతూ పడుకున్నాడు. నేను మాత్రం, నల్లబల్ల మీద నా సుద్దముక్క ఎంత పని చేసిందో అమ్మకు రెండు గంటలు వివరించాను.

పుస్తకాల్లేకపోయినా మధ్యాహ్నాలు ఆగలేదు, జ్ఞాపకం ఉన్నవి చెప్పేవాణ్ని. బుద్ధి తెచ్చుకుని ఒకసారి ఆ పాప కథను సరిచేశాను, దిబ్బ తీసేసి పచ్చగడ్డీ ఊదారంగు పూలూ పెట్టాను. ఎవరికీ నచ్చలేదు. "అంత బాగుండే సోట ఆ పాపకు దగ్గెందుకు వస్తాది?" అన్నారు. వేరేచోటికి బదిలీ అయి వెళ్లిపోయేముందు గొడుగు దొర కూడా ఒకరోజు వచ్చాడు. మండే ఎండ. కుర్చీలో కూర్చుని, ఎటో చూస్తూ, "ఏదైనా… వాన ఉన్నది చెప్పు" అన్నాడు. నేను భయపడి, దిబ్బా పూలూ రెండూ లేకుండా నడిపించబోయాను. "దిబ్బనే ఉండనీవయ్యా" అన్నాడు. "వాళ్లకు అలవాటైంది." కథ అయ్యేదాకా కూర్చున్నాడు.

తర్వాత నాయన పోయాడు. నేను ఖాయమైన నాలుగో ఏడు. గనులు మూతపడ్డది చాలా ఏళ్లకు. టింబరు మామ నంగలికి వెళ్లిపోయి, రాగి చేనూ రెండు ఆవులూ చూసుకుంటూ ఉండేవాడు. నాకు తల నెరిశాక ఒకసారి చూడబోయాను. పాత మాటలు దొర్లాయి. నేను అలవాటు ప్రకారం నల్లబల్ల పురాణం ఎత్తుకున్నాను. మూడే మూడు రోజుల్లో ఒక్క బోర్డుతో మిమ్మల్ని ఎట్లా రప్పించాను మామా, అన్నాను.

"ఏ బోర్డు?" అన్నాడు మామ.

"అదే మామా, వెనక తలుపు కాడ. ఇంగ్లండు చూడాలని ఉందా అని రాసింది."

మామ నన్ను జాలిగా చూశాడు. "నాకు సదువు యాడ వచ్చును అప్పా? తెలుగూ రాదు, అరవమూ రాదు. ఆ దినం వచ్చినోళ్లలో ఎవరికీ రాదు."

"మరి యట్లా వచ్చినారు?"

"మీ నాయన అడిగినాడు." మామ ఆవు ముందున్న గడ్డి సర్దుతూ చెప్పాడు. "కేజీ కాడ నిలబడుకోని ఒక్కొక్కరినీ అడిగినాడు. మావోడు ఏవో ఇంగ్లండు కతలు చెప్తాడంట, పోయి కూర్చోండప్పా, గది మూసేస్తే వాడు కూడా ఈడికే వస్తాడు, అని. బావ ఎవర్నీ ఏదీ అడిగిన మనిషి కాదు గదా. యట్లా కాదంటాము?"

దగ్గుతూ, రెండు మాటలకొకసారి ఆగుతూ, ఆ మనిషి అందరి ముందూ నిలబడి నా నవలలను సిఫారసు చేశాడు. వాటిలో ఒక్కదాని అట్ట కూడా ఆయన చూడలేదు. నా మొహం ఎట్లా ఉందో గాని, మామ గడ్డి వదిలేసి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మొదటి దినం బావ కోసరం వచ్చినాము" అన్నాడు. "రెండో దినం నుంచి వాన కోసరమే వచ్చినాములే."

అది నిజమో, నన్ను ఓదార్చడానికి అన్నాడో నేను అడగలేదు. ఇరవై రెండేళ్లప్పుడైతే అడిగేవాణ్ని.